మునిగేవి రెండేసి, తక్కినవి ఒక్కొక్కటి

నది మీద పడవలో నాలుగైదు రోజులు గడపడానికి బయల్దేరేవాళ్ల సంచులు విప్పి చూడండి. బట్టలు అవసరానికి రెండింతలు ఉంటాయి, కళ్లజోడు మాత్రం ఒక్కటే. పొద్దున వేసుకోడానికో జత, ఫొటోలకో జత, సాయంత్రానికి మరోటి, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు. అదే టార్చి ఏదని అడిగితే ఫోన్ చూపిస్తారు. రోజూ తప్పకుండా వేసుకోవాల్సిన మాత్రలు ఒకే ఒక్క స్ట్రిప్పు, అదీ భుజానికి వేలాడే సంచిలో, జిప్పు తెరిచే ఉంటుంది. తాళంచెవుల గుత్తి ప్యాంటు జేబులో.

ఈ లెక్క తలకిందులుగా ఉందని నా వాదన. నీళ్లలో పడితే మునిగిపోయేవి, పోతే దారిలో దొరకనివి, లేకపోతే రోజు గడవనివి రెండేసి ఉండాలి. ఆ రెండూ ఒకే సంచిలో ఉండకూడదు. తక్కినవన్నీ ఒక్కొక్కటి చాలు. వాటిలో చాలావాటిని ఇంట్లో వదిలేసినా నష్టం లేదు.

గంటసేపు తిప్పి దింపేసే షికారు బోటు సంగతి కాదు నేను చెబుతున్నది. రాత్రుళ్లు పడవలోనే పడుకుని, వంటా అందులోనే చేసుకుని, రోజుకి కొంత దూరం నది వెంట సాగే సెలవుల గురించి. పడవ మీరే నడుపుకున్నా, నడిపేవాళ్లు వేరే ఉన్నా సర్దుకునే విషయంలో పెద్ద తేడా ఏమీ రాదు.

హోటల్లో దిగేటప్పుడు ‘ఎందుకైనా మంచిది’ అనే అలవాటుకి పెద్దగా మూల్యం చెల్లించక్కర్లేదు. అదనంగా తెచ్చిన పెట్టె గదిలో ఓ మూల పడుంటుంది. పడవలో అలాంటి మూలలుండవు. క్యాబిన్‌లో నేల అంటే రెండు మంచాల మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత జాగా. చక్రాల సూట్‌కేసు తెరవాలంటే మూసినప్పటికి రెట్టింపు చోటు కావాలి, కాబట్టి ఒకళ్లు పెట్టె తెరిచినప్పుడల్లా రెండోవాళ్లు మంచమెక్కి కాళ్లు ముడుచుకుని కూచోవాలి. మంచం కింది అరకి ఎత్తు తక్కువ, గట్టి పెట్టె అందులో దూరదు. ఇక నాలుగు రోజులూ అది దారికడ్డంగానే ఉంటుంది. రాత్రి లైట్లు ఆరిపోయాక హడావిడిగా బయటికి రావాల్సి వస్తే కాలికి తగిలేది అదే. గుడ్డ సంచి అయితే ఖాళీ చేసి, మడిచి పరుపు కింద తోసేయొచ్చు. ఏ సంచి కొనమంటావని ఎవరడిగినా చక్రాలు లేనిది, గట్టి అంచులు లేనిది అని మాత్రమే చెబుతాను. రంగూ కంపెనీ వాళ్ల ఇష్టం.

కళ్లజోడు ఎలా పోతుందో చెబుతాను. పడవ ఒడ్డుకి చేరుతుంటే ముందు భాగంలో నిలబడ్డాయన తాడు అందుకోడానికి వంగుతాడు. ముక్కు మీద చెమట. చేతులు రెండూ తాడు మీదే ఉన్నాయి, జారుతున్న జోడుని పట్టుకునే చెయ్యి ఖాళీ లేదు. ఇంజను మోతలో అది నీళ్లలో పడ్డ చప్పుడు కూడా వినపడదు. పైన నీళ్లు తేటగా కనిపించినా అడుగున బురద, దాని మీద ప్రవాహం. వెతకడం దండగ. మిగిలిన రోజులన్నీ ఆయన నదిని మసకగా చూస్తాడు. పడవ నడపాల్సింది ఆయనే అయితే ఆ ప్రయాణం అక్కడితో ఆగినట్టే. జోడు కాడలకి తగిలించి మెడ వెనక బిగించే పట్టీకి బరువే ఉండదు. అయినా పట్టీ తెచ్చుకున్నవాళ్లని నేను అరుదుగానే చూశాను. పట్టీతో పాటు పాత పవరుదైనా సరే, రెండో జోడు సంచిలో ఉండి తీరాలి. కాంటాక్టు లెన్సులున్నాయిలే అనుకోవద్దు. మంచినీటి నదుల్లో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి లెన్సు కిందకి చేరితే కంటి ముందుండే పారదర్శకమైన పొరని, కార్నియాని, దెబ్బతీయగలదు. లెన్సులు పెట్టుకుని నీళ్లలో దిగొద్దని కంటి డాక్టర్లు పోరేది అందుకే.

తాళంచెవులకి కార్కు బంతి తగిలిస్తే సరిపోయిందని చాలామంది అనుకుంటారు. ఇంట్లోనే బకెట్ నిండా నీళ్లు పట్టి గుత్తిని అందులో పడేసి చూడండి. ఇంటి తాళం, బీరువా తాళం, బండి తాళం కలిసి కార్కుని కూడా అడుక్కి ఈడ్చుకుపోతే ఆ సంగతి బకెట్లోనే తెలియడం మేలు. కార్కుకి ఒక్క తాళంచెవే ఉండాలి, పడవది. తక్కినవి సంచి లోపలి అరలో పెట్టేయండి, తిరిగొచ్చేదాకా వాటితో పనిలేదు.

ఫోన్ మీద ఐపీ67 అని ఉందన్న ధీమా కూడా ఇలాంటిదే. మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచినా పాడవలేదని ఆ అంకెకి అర్థం. ఆ పరీక్ష జరిగింది కొత్త ఫోన్‌కి, కదలని నీళ్లలో. రెండేళ్లు వాడి, నాలుగుసార్లు కింద పడేసి, స్క్రీను మార్పించిన ఫోన్‌కి ఆ హామీ వర్తించదు. పైగా నదిలో ఫోన్‌కి వచ్చే అసలు ఆపద తడవడం కాదు, మునగడం. నది లోతు మీటరు దగ్గర ఆగదు కదా. మెడలో వేసుకునే తాడుతో తేలే పౌచ్ దొరుకుతుంది, అది కొనుక్కోండి. గుర్తింపు కార్డుల ఫొటోలు, బుకింగ్ కాగితాలు, పడవవాళ్ల నంబరు రెండో మనిషి ఫోన్‌లో కూడా ఉండాలి. నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని జిప్‌లాక్ కవర్లో పెట్టుకుంటే నవ్వేవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

టార్చి కూడా రెండు ఉండాలి. ఒకటి తలకి కట్టుకునేది ఉండాలి, ఎందుకంటే చీకట్లో పడవలో మీ చేతులు ఖాళీగా ఉండవు, ఒకటి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉండాలి. ఫోన్ లైటు పట్టుకుని తడి పలక మీద నడిచే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక లైఫ్ జాకెట్. ‘పడవవాళ్లే ఇస్తారు, మనమెందుకు మోయడం’ అనేది అందరి నోటా వినే మాట. పెద్దవాళ్ల విషయంలో చాలావరకు ఒప్పుకుంటాను. పిల్లల విషయంలో ససేమిరా ఒప్పుకోను. పిల్లల జాకెట్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి ఎంచాలి. అద్దెకి దొరికేచోట ఉన్న రెండు సైజుల్లో ఏదో ఒకటి తగిలించి పంపేస్తారు. వేసి, పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా లేచొస్తే అది ఆ పిల్లకి పనికిరాదు. నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి తేలిపోతుంది, పిల్ల కిందకి జారుతుంది. రెండు కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉండేది దాన్ని ఆపడానికే. ఆ పట్టీ తెగిపోయిన జాకెట్లని కొక్కేలకి తగిలించి ఉంచిన రేవు నేను చూశాను.

జాకెట్ మీద ఉండే అంకె కూడా చదవాలి. ఐఎస్ఓ 12402 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వీటిని 50, 100, 150, 275 అనే స్థాయిలుగా విడదీశారు. అది తేల్చే బలం, న్యూటన్లలో. 100 అంటే ఉజ్జాయింపుగా 10 కిలోల బరువుని నీటిపైన నిలిపేంత. 50 స్థాయిది ఈత వచ్చి, స్పృహలో ఉండి, సాయం దగ్గర్లోనే ఉన్నవాళ్లకి తేలడానికి తోడు మాత్రమే. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పే పని దాన్నుంచి ఆశించకూడదు. తిప్పడానికి తయారయ్యేవి 100, ఆ పైవి. గ్యాసు సిలిండరుతో ఉబ్బే రకం సన్నగా, సుఖంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ సిలిండరు బిగువుగా ఉందో లేదో, ఒకసారి వాడేసినదేమో ప్రతిసారీ చూసుకోవాలి. విమానంలో తీసుకెళ్లాలంటే ముందే అడిగి అనుమతి తీసుకోవాలి.

అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ప్రకటించే బోటు ప్రమాదాల లెక్కల్లో ఏళ్ల తరబడి పెద్దగా మారని సంగతి ఒకటుంది. మునిగి చనిపోయినవాళ్లలో, వివరం తెలిసినంతవరకు, 80 శాతానికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లే. జాకెట్ సీటు కింద ఉండటం వేరు, ఒంటి మీద ఉండటం వేరు. సొంత జాకెట్ తీసుకెళ్లమని నేను పట్టుబట్టేది అందుకు. మెడ దగ్గర కోసుకుపోని, చెమట వాసన వేయని, ఒంటికి సరిపోయిన జాకెట్‌ని పిల్లలైనా పెద్దలైనా రోజంతా వేసుకుంటారు. పడవలో ఇచ్చినదాన్ని పావుగంటలో తీసి పక్కన పడేస్తారు.

బట్టల దగ్గరికొస్తే, అందరూ ఎండకి సర్దుకుంటారు, తడికి సర్దుకునేవాళ్లు తక్కువ. నీళ్ల మీద రాత్రి గడిపితే తెల్లవారుజామున ఏం జరుగుతుందో తెలుస్తుంది. గాలి త్వరగా చల్లబడుతుంది, నది అంత త్వరగా చల్లబడదు. నీటి మీదనుంచి లేచిన ఆవిరి ఆ చల్లగాలిలో పొగమంచై పడవ పైకప్పు మీద, రెయిలింగు మీద, రాత్రి ఆరేసిన తువ్వాలు మీద దిగుతుంది. పొద్దున ఆ తువ్వాలు ఆరేసినప్పటికంటే తడిగా ఉంటుంది. పడవలో బట్టలు ఆరవు, ముందే అలా అనుకుని సర్దుకోవాలి.

కాబట్టి జీన్స్ వద్దు. ఇది చెప్పినప్పుడల్లా నాతో వాదన పెట్టుకునేవాళ్లు ఉంటారు, గట్టి గుడ్డ అనీ ఎన్ని రోజులైనా మాయదనీ. మాయదు సరే, తడిస్తే ఆరుతుందా? నూలు గుడ్డ నీళ్లని పీల్చుకుని పట్టుకుంటుంది, దళసరి నూలు ఇంకా ఎక్కువ. నిశ్చలంగా ఉన్న గాలికంటే నీళ్లు ఒంట్లో వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. తడి జీన్స్‌తో గాలిలో కూచున్న మనిషికి ఎండాకాలం సాయంత్రం కూడా వణుకు పుడుతుంది. పాలిస్టర్ అయినా, పల్చటి ఉన్ని అయినా పిండి దులిపితే గంటా రెండు గంటల్లో దారికొస్తాయి.

చల్లటి నదులైతే సంగతి ఇంకా తీవ్రం. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మనిషి ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి లాగేస్తాడు. తల ఆ క్షణంలో నీళ్లలో ఉంటే అంతే సంగతులు. గడ్డకట్టేంత చల్లటి నీళ్ల గురించి రక్షణ సిబ్బంది 1-10-1 అని చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు మాట వినేది ఓ 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. ఆ 10 నిమిషాల తర్వాత ఈతగాడి చేతులు కూడా ఆడవు. మళ్లీ జాకెట్ దగ్గరికే వస్తున్నాం.

అందుకని మనిషికి ఒక జత, లోపలి బట్టల నుంచి మేజోళ్ల దాకా, ఎవరూ ముట్టుకోకూడని జత ఉండాలి. నీళ్లు లోపలికి పోని డ్రై బ్యాగులో పెట్టి మూసేయాలి. ఎవరైనా నీళ్లలో పడితే తప్ప దాన్ని తెరవకూడదు. చివరి రోజు శుభ్రంగా కనిపించాలని తెరిచేవాళ్లుంటారు, వాళ్లకి తాళం చెవి ఇవ్వకండి, అంటే సంచి ఇంకెవరి దగ్గరో ఉంచండి. డ్రై బ్యాగు మూయడంలోనే ఉంది కిటుకంతా. నోరు సమానంగా పట్టి, ముడత లేకుండా కనీసం మూడు మడతలు చుట్టి, అప్పుడు బకిల్ పెట్టాలి. నిండా కుక్కితే చుట్టడానికి గుడ్డ మిగలదు, ఒక్క మడతతో నీళ్లు ఆగవు. లోపల కాస్త గాలి వదిలితే సంచి పడ్డా తేలుతుంది. పెద్ద సంచి ఒకటి కొనేకంటే చిన్నవి మూడు కొనండి. ఒకటి కారితే ఒకటే తడుస్తుంది.

చెప్పులకి మాత్రం నా సూత్రాన్ని నేనే సడలిస్తాను. అవి మునగకపోయినా రెండు జతలుండాలి. ఒకటి తడిసేది, ఒకటి పొడిగా లోపల ఉంచేది. తడిసేది వేళ్లని కప్పేది, మడమ పట్టు ఉన్నది, అడుగు జారనిది, పలక మీద నల్ల గీతలు పెట్టనిది అయ్యుండాలి. హవాయి చెప్పులతో నాచు పట్టిన రేవు మెట్లు దిగే ధైర్యం నాకైతే లేదు. ఉంగరాలు ఇంట్లో వదిలేయండి. తాడు ఒడ్డు మీది గుంజకి చుట్టుకుని బిగిసే వేళ ఉంగరం అందులో పట్టుకుంటే వేలికే ఎసరు. నగల మోజు కంటే వేలు ముఖ్యం. వేలాడే చున్నీలు, పొడుగాటి డ్రాయరు తాళ్లు, విరబోసిన జుట్టు కూడా ఇంజను దగ్గర అంతే ప్రమాదం.

ఎండ సంగతిలో ఒక అపోహ ఉంది. నీళ్ల మీద పడి తిరిగి కొట్టడం వల్ల ఎండ రెట్టింపు అవుతుందని చెబుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అతినీలలోహిత కిరణాల్లో నీటి ఉపరితలం తిప్పికొట్టేది 10 శాతంలోపే. కొత్తగా పడ్డ మంచు 80 శాతం దాకా కొడుతుంది, నీళ్లకీ దానికీ పోలికే లేదు. పడవలో ఒళ్లు కమిలేది వేరే కారణానికి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల మీద నీడ ఉండదు, చల్లగాలి కొడుతూ ఉండటంతో కాలుతున్నట్టు తెలియదు. కాబట్టి క్రీముల సీసాలు నాలుగు మోసేకంటే పొడుగు చేతుల పల్చటి చొక్కా, గడ్డం కింద తాడు బిగించే టోపీ మేలు. టోపీ తాడు మరిచిపోవద్దు, లేకపోతే మొదటి గాలికే అది నదిపాలు. నల్లద్దాలు కొంటే పోలరైజ్డ్ రకం కొనండి. అవి నీటి మీది తళుకుని తగ్గిస్తాయి, అడుగున ఉన్న రాయో మొద్దో ముందే కనిపిస్తుంది. ఒక్క ఇబ్బంది, వాటిలోంచి చూస్తే కొన్ని ఫోన్ల, పరికరాల స్క్రీన్లు నల్లగా కనపడతాయి. కొనేముందే ఫోన్‌ని అడ్డంగా, నిలువుగా తిప్పి చూసుకోండి.

కరెంటు దగ్గర జనం లెక్కే వేసుకోరు. ఇంజను ఆపాక చిన్న పడవల్లో చాలావాటిలో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ అనుకుందాం. సగం కంటే ఎక్కువ లాగితే అది త్వరగా చెడిపోతుంది, కాబట్టి వాడుకోగలిగింది 50 ఆంపియర్ అవర్లు, అంటే 600 వాట్ అవర్లు. 1,500 వాట్ల హెయిర్ డ్రయ్యరు దాన్ని అరగంట లోపే తినేస్తుంది, ఇన్వర్టరు దాన్ని మోయగలిగితే. ఆ తర్వాత దీపాలూ నీళ్ల పంపూ గోవిందా. హెయిర్ డ్రయ్యరు, ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్ ఇంట్లోనే ఉండాలి. పవర్ బ్యాంకు ఒకటి చాలు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు, విమానాల్లో మామూలుగా అనుమతించే 100 వాట్ అవర్ల లోపే. చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనీయరు.

మందులు రెండు చోట్ల, రెండు సంచుల్లో, వేర్వేరు మనుషుల దగ్గర. ఓఆర్‌ఎస్ పొట్లాలు, నీళ్లకి ఊడిపోని ప్లాస్టర్లు, దోమల మందు. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, రాసుకున్న చేత్తో కళ్లజోడు ఫ్రేము పట్టుకోవద్దు. సబ్బు, బ్రష్షు వగైరా గురించి చెప్పేదేముంది. తడి వైప్స్ తెచ్చుకుంటే మాత్రం టాయిలెట్‌లో వేయొద్దు. పడవ టాయిలెట్ పంపు సన్నది, మూసుకుపోతే బాగుచేసేవాడు అక్కడ ఉండడు.

ఎవరూ తీసుకెళ్లనిది, నేను అందరికీ చెప్పేది కార్బన్ మోనాక్సైడ్ అలారం. గుప్పెట్లో పట్టే పెట్టె అది. పడవలో నిద్రపోయే చోటికి మూరెడు దూరంలోనే గ్యాసు పొయ్యి, కొన్నిటిలో హీటరు, వెనక ఇంజను. ఆ విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. ముందు వచ్చే తలనొప్పి, వికారం పడవ ఊగడం వల్లేలే అనిపిస్తాయి, అదే ప్రమాదం. చలి వేస్తోందని బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకునేవాళ్లకి ఒక్క రాత్రి చాలు. పడవలకి తగిన అలారాల యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 50291-2. కొనేటప్పుడు చివర ఆ 2 ఉందో లేదో చూడండి.

కాగితం మ్యాపు ఒకటి, ప్లాస్టిక్ కవర్లో. కొండల మధ్య సిగ్నల్ లేనప్పుడు పనికొస్తుందనే కాదు, ఎక్కడున్నామో అందరూ చూసి చెప్పగలగాలి. సాయానికి ఫోన్ చేసినప్పుడు ‘ఎడమ ఒడ్డు’ అంటే నీరు పారే వైపు ముఖం పెట్టినప్పుడు ఎడమ చేతివైపుది. ఎగువకి పోతున్న పడవలో కూచుని మీ ఎడమ చెయ్యి చూపిస్తే సాయం అవతలి గట్టుకి వస్తుంది. మ్యాపు మీద ముందే రెండు ఒడ్లకీ పేరు రాసేసుకోండి.

ఇవన్నీ రెండేసి పెట్టుకుంటే సంచి ఇంకా పెరగదా అని అడుగుతారు. పెరగదు. రెండో కళ్లజోడు, రెండో టార్చి, రెండో మాత్రల పొట్లం కలిపినా ఒక్క జీన్స్ ప్యాంటు బరువు ఉండదు. ఒక జీన్స్, ఒక గొడుగు, ఒక బ్లూటూత్ స్పీకరు తీసేస్తే ఇవన్నీ పట్టి ఇంకా చోటు మిగులుతుంది. గొడుగు పడవ మీద గాలికి తెరచాపే, నడిపేవాళ్ల కళ్లకి అడ్డం కూడాను. టోపీ ఉన్న వానకోటు దాని పని చేస్తుంది. స్పీకరు గురించి వాదించను. నది మీద శబ్దం ఎంత దూరం పోతుందో అవతలి పడవవాళ్లనే అడగండి.

తిరిగొచ్చాక సంచిలో చివరికి మిగలాల్సింది ఒక కాగితం, ఏ నదిలో ఏ తేదీల్లో దిగారో రాసింది. జంతువుల మూత్రంతో కలుషితమైన నీళ్లు చర్మం మీది గీరుళ్ల గుండా లోపలికి పోతే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. లక్షణాలు సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో, ఒక్కోసారి 30 రోజుల దాకా ఆలస్యంగా కూడా బయటపడతాయి. అప్పటికి సెలవుల సంగతి మరిచిపోయి ఏదో మామూలు జ్వరమనుకుంటారు. జ్వరంతో పాటు పిక్కల్లో నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి ఆ కాగితం చూపించండి. త్వరగా గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో లొంగే జబ్బే అది.